లెస్టర్‌లో భారతీయ భోజనం: ఎక్కడ తినాలి, ఏమి అడగాలి

ఇంగ్లండ్‌లోని పాత నగరాలు చూడాలనుకునే తెలుగువారు బాత్, యార్క్, ఆక్స్‌ఫర్డ్ పేర్లు చెప్పినంత తరచుగా లెస్టర్ పేరు చెప్పరు. ప్రాచీనతలో ఆ ఊరు వాటికి తీసిపోయేదేమీ కాదు. రోమన్ల స్నానశాలకు చెందిన జ్యూరీ వాల్ అనే గోడ అక్కడ దాదాపు 1900 ఏళ్లుగా నిలిచి ఉంది. 1485లో బాస్‌వర్త్ యుద్ధంలో మరణించిన మూడవ రిచర్డ్ రాజు అస్థికలు 2012లో ఆ ఊరి నడిబొడ్డున ఒక కారు పార్కింగ్ స్థలం కింద బయటపడగా, 2015లో వాటిని అక్కడి కెథీడ్రల్‌లో మళ్లీ ఖననం చేశారు. లండన్ సెయింట్ పాంక్రాస్ స్టేషన్‌లో రైలెక్కితే గంటా పావుకు అటూ ఇటూగా ఈ ఊరు చేరుకోవచ్చు. చరిత్ర కోసం వెళ్లేవారికి ఇవన్నీ తెలిసే ఉంటాయి కాబట్టి ఈ వ్యాసాన్ని భోజనానికే పరిమితం చేస్తున్నాను.

భోజనం విషయంలో లెస్టర్‌కూ మిగిలిన చారిత్రక నగరాలకూ ఒక మౌలికమైన తేడా ఉంది. మిగిలిన చోట్ల భారతీయ రెస్టారెంట్లు ఎక్కువగా పర్యాటకుల మీదా, వారాంతంలో బయట తినే స్థానిక ఆంగ్లేయుల మీదా ఆధారపడి నడుస్తాయి. లెస్టర్‌లో ముఖ్యమైన భోజనశాలలను పోషించేది ఆ చుట్టుపక్కల కాపురముంటున్న భారతీయ కుటుంబాలు. 2021 జనగణన ప్రకారం నగర జనాభాలో 34 శాతానికి పైగా భారతీయ మూలాలవారు. తమ ఇంట్లో రోజూ వండుకునే పదార్థాన్ని బయట డబ్బిచ్చి తినేవారికి వడ్డించే వంటవాడు ఏమరుపాటుగా వండలేడు, ఎందుకంటే ఎదురుగా కూర్చున్న పెద్దావిడకు ఆ వంటకం అతనికంటే బాగా తెలుసు. అందువల్ల లెస్టర్‌లో ఏ భోజనశాలకు వెళ్లాలన్న ప్రశ్నకు నా సమాధానం ఒక్కటే: ఆ ఊరిలో స్థిరపడినవారు ఎవరో తెలుసుకుని, వారు తినే చోట, వారు తినేదే తినాలి.

ఈ మాట చెప్పడానికి కారణం, ఇంగ్లండ్‌లో ఇండియన్ రెస్టారెంట్ అనగానే ఎదురయ్యేది చాలావరకు మరొక రకం భోజనశాల కావడమే. వాటిలో అధికభాగం బంగ్లాదేశ్‌లోని సిల్హెట్ ప్రాంతం నుంచి వచ్చిన కుటుంబాలు నెలకొల్పినవి. ఉల్లిపాయలతో పెద్ద గిన్నెలో ముందుగానే కాచి ఉంచిన గ్రేవీ, ముందే ఉడికించి పెట్టుకున్న మాంసం, మసాలా పొడులు కలిపి, అడిగిన కొద్ది నిమిషాల్లో కూర సిద్ధం చేయడం వాటి పద్ధతి. కోర్మా అంటే కారం లేనిది, మద్రాస్ అంటే కారమైనది, విండాలూ అంటే ఇంకా కారమైనది అన్న లెక్క అక్కడ నడుస్తుంది. ఆ వంటకు దాని చరిత్ర, దాని నైపుణ్యం దానికున్నాయి. 2001లో బ్రిటన్ విదేశాంగ మంత్రి రాబిన్ కుక్ చికెన్ టిక్కా మసాలాను బ్రిటిష్ జాతీయ వంటకంగా అభివర్ణించారు కూడా. దాన్ని చిన్నచూపు చూడనవసరం లేదు. అయితే అది బ్రిటన్‌లో ఏ ఊరిలోనైనా దొరుకుతుంది, దానికోసం లెస్టర్ దాకా వెళ్లే పని లేదు.

లెస్టర్‌కు ప్రత్యేకమైనది గుజరాతీ శాకాహారం, అదీ తూర్పు ఆఫ్రికా మీదుగా వచ్చిన గుజరాతీ శాకాహారం. 1972 ఆగస్టులో ఉగాండా పాలకుడు ఇదీ అమీన్ ఆసియావాసులు 90 రోజుల్లో దేశం విడిచిపోవాలని ఆదేశించినప్పుడు దాదాపు 27 వేల మంది బ్రిటన్ చేరుకున్నారు. వారిలో చాలామంది లెస్టర్ వస్తారని భయపడిన నగర కౌన్సిల్, తమ ఊరికి రావద్దని కోరుతూ ఉగాండా ఆర్గస్ అనే పత్రికలో ప్రకటన కూడా వేయించింది. ఆ ప్రకటన పెద్దగా ఫలించలేదు. కెన్యా నుంచి అంతకుముందే వచ్చిన బంధువులు అక్కడ ఉండడం, అల్లిక దుస్తుల మిల్లుల్లోనూ ఇంజనీరింగ్ కర్మాగారాల్లోనూ పని దొరకడం వల్ల వారు వచ్చి స్థిరపడ్డారు. ఊరికి ఉత్తరాన, కళ తప్పి ఉన్న బెల్‌గ్రేవ్ రోడ్డులో చీరల దుకాణాలు, నగల దుకాణాలు, మిఠాయి అంగళ్లు తెరిచారు. ఈనాడు గోల్డెన్ మైల్ అని పిలిచేది ఆ దారినే. ఒకప్పుడు రావద్దని ప్రకటన ఇచ్చిన ఊరే ఇప్పుడు ఆ వీధిని పర్యాటకులకు చూపించుకుంటోంది.

ఆ రోడ్డులో మొదట వెళ్లవలసిన చోటు బాబీస్. 1976 నుంచి నడుస్తున్న ఈ శుద్ధ శాకాహార భోజనశాల లెస్టర్‌లోని గుజరాతీ భోజనానికి మారుపేరు వంటిది. దీని ఆకర్షణ అలంకరణలో లేదు. పొగడవలసింది వంటనూ, దాన్ని తినడానికి వచ్చే జనాన్నీ. ముసలి తల్లిదండ్రులను వెంటబెట్టుకుని వచ్చిన కుటుంబాలు, స్కూలు పిల్లలు, చీరలు కొని అలసిపోయి పక్క ఊళ్ల నుంచి వచ్చినవారు ఒకే గదిలో కూర్చుని తింటుంటారు. మొదటిసారి వెళ్లినవారు నేరుగా కూరలూ రొట్టెల జోలికి పోకుండా ఫర్సాన్‌తో, అంటే చిరుతిళ్లతో మొదలుపెట్టడం మంచిదని నా అభిప్రాయం. గుజరాతీ వంటలోని పనితనమంతా అక్కడే కనిపిస్తుంది.

ఖాండ్వీని ఉదాహరణగా తీసుకుందాం. శనగపిండిని మజ్జిగలో కలిపి, ఉండకట్టకుండా సన్నని సెగ మీద గరిటె ఆపకుండా కలియబెట్టి, సరిగ్గా చిక్కబడిన క్షణంలో దించి, పళ్లెం వెనుకవైపు పలుచగా పరిచి, చల్లారగానే చుట్టలు చుట్టి, ఆవాలూ నువ్వులూ కొబ్బరితో తిరగమోత వేస్తారు. ఒక్క నిమిషం ముందు దించితే చుట్ట నిలవదు, ఆలస్యమైతే పళ్లెం మీద పరుచుకోదు. నోట్లో వేసుకోగానే నమలకుండానే కరిగిపోతే అది బాగా కుదిరినట్టు. పాత్రా మరొకటి. చామాకుల మీద చింతపండు, బెల్లం, కారం కలిపిన శనగపిండి ముద్ద పూసి, ఆకు మీద ఆకు పేర్చి చుట్టి, ఆవిరి మీద ఉడికించి, బిళ్లలుగా కోసి పోపులో వేయిస్తారు. చామాకును పప్పులోనో పులుసులోనో మాత్రమే ఎరిగిన తెలుగువారికి ఇది కొత్తగానూ ఉంటుంది, అపరిచితంగానూ అనిపించదు. ఆకు సరిగా ఉడకకపోతే గొంతు దురదపెడుతుందన్న సంగతి మన ఇళ్లలోనూ తెలిసిందే కనుక, దీనిలో వంటవారి జాగ్రత్తను మనం మరింత బాగా గుర్తించగలం. దోక్లా, కచోరీ, దబేలీ వంటివి హైదరాబాద్‌లోనూ దొరుకుతాయి కాబట్టి వాటిని రెండో విడతకు వదిలేయవచ్చు.

తప్పనిసరిగా తినవలసినది మాత్రం మోగో. ఇది కర్రపెండలం. దుంపను ఉడికించి, పొడుగు ముక్కలుగా కోసి, పైన కరకరలాడేటట్టు వేయించి, ఉప్పూ కారం చల్లి నిమ్మకాయ ముక్కతో ఇస్తారు. వెల్లుల్లి, మిరపకాయల మసాలాతో కలిపి వేయించే రకం కూడా ఉంది. ఇది గుజరాత్ నుంచి వచ్చిన వంట కాదు. కంపాలాలోనో నైరోబీలోనో దుకాణం నడుపుకున్న గుజరాతీ కుటుంబాలు అక్కడి ప్రజల ప్రధానాహారమైన దుంపను తమ వంటింట్లోకి తెచ్చుకున్నాయి, అక్కడి నుంచి వెళ్లగొట్టినప్పుడు ఆ రుచిని లెస్టర్‌కు తీసుకువచ్చాయి. అసలు ఆ దుంప పుట్టిల్లు దక్షిణ అమెరికా. దాన్ని ఆఫ్రికా తీరానికి చేర్చినవారు పోర్చుగీసు నావికులు. తూర్పు గోదావరి వైపువారికి ఈ దుంపను పరిచయం చేయనక్కరలేదు, ఎందుకంటే సామర్లకోట, పెద్దాపురం ప్రాంతపు సగ్గుబియ్యం మిల్లులు నడిచేది దీనితోనే. అయినా మనవైపు ఉడకబెట్టి తినడమే ఎక్కువ, ఇలా వేయించుకోవడం అరుదు. ఆలుగడ్డ వేపుడు కంటే దీని లోపలి భాగం దట్టంగా, పొడిపొడిగా ఉంటుంది. చల్లారితే గట్టిపడుతుంది కనుక వేడి మీదే తినాలి. పెద్ద బృందంగా వెళ్లినప్పుడు మిగిలినవాటితో కలిపి కాకుండా దీన్ని విడిగా, మొదట తెప్పించుకోవడం వివేకం.

తర్వాత థాలీ. రొట్టెలు, రెండు మూడు కూరలు, పప్పు లేదా కఢీ, అన్నం, అప్పడం, ఊరగాయ, ఒక తీపి దాని ప్రధాన స్వరూపం. ఇక్కడ తెలుగు పాఠకులకు ఒక హెచ్చరిక అవసరం. గుజరాతీ పప్పులో బెల్లం ఉంటుంది, పులుపు కోసం చింతపండో కోకమో ఉంటుంది, అక్కడక్కడా వేరుశనగ గింజలు తగులుతాయి. గోంగూర పప్పుకూ ఆవకాయకూ అలవాటుపడిన నాలుక మొదటి ముద్దకు వెనక్కి తగ్గుతుంది. కూర తియ్యగా ఉందని వంట బాగాలేదని తీర్పు చెప్పేయడం మనవారిలో తరచుగా చూస్తాను. తీపి ఆ వంటలో లోపం కాదు, లక్షణం. పులుపు, తీపి, కారం మూడూ ఒకదాన్నొకటి మింగకుండా ఉన్నాయా లేదా అన్నదే పరీక్ష. ఆ దృష్టితో చూస్తే కఢీ మనకు సులువుగా నచ్చుతుంది. మన మజ్జిగ పులుసుకు అది దగ్గరి చుట్టం, కాకపోతే కూరగాయ ముక్కలు ఉండవు, పలుచగా ఉంటుంది, చివరన కొంచెం తీపి తెలుస్తుంది. దాన్ని కిచిడీలో పోసుకుని తినడం వారి అలవాటు. చలికాలపు సాయంత్రం లెస్టర్‌లో ఇంతకంటే హాయిగా ఉండే భోజనం నాకు తెలియదు.

ఉంధియు గురించి విడిగా చెప్పాలి. సూరత్ ప్రాంతపు చిక్కుడుకాయలు, పెండలం, లేత వంకాయలు, అరటికాయ, మెంతికూర కలిపిన పిండి ఉండలు అన్నీ కలిపి, పచ్చి కొబ్బరి, కొత్తిమీర, పచ్చిమిర్చి మసాలాతో నెమ్మదిగా మగ్గించే ఈ కూర శీతకాలానిది, ముఖ్యంగా సంక్రాంతికి సంబంధించినది. డిసెంబరు నుంచి ఫిబ్రవరి మధ్యలో లెస్టర్ వెళ్లేవారు బెల్‌గ్రేవ్ రోడ్డులో ఎక్కడ కూర్చున్నా ముందుగా దాని గురించి అడగాలి. ఆ రోజు అది ఉందంటే మిగతా మెనూ చూడనవసరం లేదు.

అదే రోడ్డులో ఉన్న షర్మిలీ కూడా శాకాహార భోజనశాలే, మిఠాయిలకు పేరుపడినది. ఈ వీధిలో మిఠాయి కొనేటప్పుడు జీడిపప్పు బర్ఫీలూ రంగురంగుల పేడాలూ చూసి ఆగిపోవడం సహజం. నా సలహా వేరు: కారం వైపు చూడండి. గాఠియా, చేవడా, సేవ్ వంటివి ఇక్కడ జోరుగా అమ్ముడుపోతాయి కనుక నూనె వాసన పట్టినవి మీ చేతికి వచ్చే అవకాశం తక్కువ. వారాంతపు ఉదయాల్లో ఫాఫ్‌డా గాఠియాను వేడివేడిగా, వేయించిన పచ్చిమిరపకాయలతో, పచ్చి బొప్పాయి తురుము కూరతో, పక్కనే జిలేబీతో తినడం గుజరాతీల ఆచారం. ఉప్పు, కారం, తీపి ఒకే పళ్లెంలో తినడానికి మనసు ఒప్పుకున్నవారికి అదొక పూర్తి ఉదయాహారం.

గుజరాతీ వంటతో లెస్టర్ పరిధి పూర్తికాలేదు. రైల్వే స్టేషన్ నుంచి ఊరి మధ్యకు వెళ్లే గ్రాన్బీ వీధిలో కాయల్ అనే కేరళ భోజనశాల ఉంది. మాంసాహారులకూ చేపలు ఇష్టపడేవారికీ నేను మొదట చెప్పే పేరు ఇదే. కొబ్బరిపాలలో పసుపు, పచ్చిమిర్చి, అల్లంతో తేలికగా వండే మొయిలీ ఒకవైపు, కుడంపులి అనే ఎండబెట్టిన పుల్లని పండు తొక్క వేసి ఎర్రగా కాచే చేపల పులుసు మరోవైపు కేరళ వంటకు రెండు కొసలు. నెల్లూరు చేపల పులుసు రుచి తెలిసినవారు రెండో రకాన్ని అడిగితే, చింతపండు పులుపుకూ కుడంపులి పులుపుకూ ఉన్న తేడా వారికి వెంటనే తెలుస్తుంది: ఇందులో పులుపు నాలుక కొసన గుచ్చదు, పొగ వాసనతో కలిసి వెనుక నుంచి వస్తుంది. అప్పం దొరికితే అన్నానికి బదులు అదే తీసుకోవాలి. మలయాళంలో కప్ప అని పిలిచే దుంప, చేపల కూర కలిపి ఇచ్చే రోజైతే ఇంకా మంచిది. ఆ కప్ప కూడా కర్రపెండలమే. 1880ల తొలినాళ్లలో తిరువాన్కూరును ఏలిన విశాఖం తిరునాళ్ మహారాజు ఈ దుంప సాగును ప్రోత్సహించాడు, అది కేరళలో పేదవారి ఆకలి తీర్చింది. ఊరికి ఉత్తరాన ఆఫ్రికా మీదుగా వచ్చిన దుంప, దక్షిణాన తిరువాన్కూరు నుంచి వచ్చిన అదే దుంప. రెంటినీ ఒకే రోజు రుచి చూడగలిగిన ఊళ్లు ప్రపంచంలో ఎక్కువ ఉండవు.

అదే వీధిలోని హెర్బ్ కూడా కేరళ పద్ధతి వంటే, కానీ పూర్తిగా శాకాహారం. గుజరాతీ తీపి ఇక చాలనుకున్న శాకాహారులకు దోసె, అవియల్, తోరన్ వంటివాటితో ఇది చక్కని విరామం.

లెస్టర్ విశ్వవిద్యాలయంలోనూ డిమాంట్‌ఫర్ట్ విశ్వవిద్యాలయంలోనూ తెలుగు విద్యార్థులు చదువుతున్నారు. వారినీ, వారిని చూడటానికి వెళ్లే తల్లిదండ్రులనూ ఎక్కువగా వేధించే ప్రశ్న బిర్యానీ ఎక్కడ దొరుకుతుందన్నది. ఇంగ్లండ్‌లో హైదరాబాదీ దమ్ బిర్యానీ అన్న బోర్డు పెట్టడం ఇప్పుడు తేలికైన పని. అటువంటి ఒక చోట, పేరు చెప్పను, ఊరు కూడా చెప్పను, రంగు కలిపిన అన్నం మీద వేరే గిన్నెలో వండిన కోడికూర పోసి, పైన గుడ్డు పెట్టి తెచ్చారు. అన్నానికీ మాంసానికీ ముందెప్పుడూ పరిచయం ఉన్నట్టు లేదు. దమ్ బిర్యానీ పెద్ద గిన్నెతో, నిర్ణీత సమయానికి, ఎక్కువమంది తినేవారి కోసం వండవలసిన వంట. రోజుకు పది పళ్లేలు అమ్ముడయ్యే చోట అది నిలవదు. కాబట్టి లెస్టర్‌లోని తెలుగు విద్యార్థులు వారాంతంలో గుంపులుగా వెళ్లి తినే చోటు ఉంటే అక్కడికి వెళ్లండి, ఖాళీగా ఉన్న గదిలో మెనూ చూసి బిర్యానీ అడగకండి. ఇంటి రుచిని వెతుక్కోవడం తప్పు కాదు గాని, ఒక్క రోజు కోసం లెస్టర్ వచ్చినవారు ఆ పూటను దాని వేటలో పోగొట్టుకోవడం మాత్రం నష్టమే.

టీ విషయం క్లుప్తంగా. ఇప్పుడు బ్రిటన్ అంతటా శాఖలున్న చాయ్‌వాలా సంస్థ పుట్టింది లెస్టర్‌లోనే, 2015లో. వారి కడక్ చాయ్ చిక్కగా, తియ్యగా ఉంటుంది. ఇరానీ చాయ్ అలవాటున్నవారికి తృప్తినిస్తుంది, రొట్టె ఆమ్లెట్‌తో కలిపితే తేలికపాటి భోజనం అవుతుంది.

ఒక రోజులో వీటన్నిటినీ చుట్టేయడానికి నడకే చాలు. స్టేషన్‌లో దిగి గ్రాన్బీ వీధి గుండా 1868 నాటి గడియార స్తంభం దాకా వెళ్లి, పక్క వీధుల్లో ఉన్న కెథీడ్రల్, గిల్డ్‌హాల్ చూసుకుని, తిరిగి స్తంభం దగ్గరి నుంచి ఉత్తరంగా బెల్‌గ్రేవ్ గేట్ వెంట నడిస్తే సుమారు 20 నిమిషాల్లో గోల్డెన్ మైల్ మొదలవుతుంది. మధ్యాహ్న భోజనం అక్కడ చేసి, అరిగేదాకా దగ్గరలోని అబీ పార్కులో తిరగవచ్చు. ఎనిమిదవ హెన్రీ రాజుకు ఒకప్పటి మంత్రి అయిన కార్డినల్ వుల్జీ 1530లో కన్నుమూసిన మఠం శిథిలాలు అందులోనే ఉన్నాయి. రాత్రికి స్టేషన్ వైపు తిరిగి వచ్చి కేరళ భోజనం చేస్తే రైలుకు దగ్గరగా కూడా ఉంటుంది.

కొన్ని వ్యవహారపు సంగతులు. ఆహార శుభ్రతకు 0 నుంచి 5 వరకు ఇచ్చే ప్రభుత్వ గ్రేడును తలుపు మీద అంటించడం వేల్స్‌లో తప్పనిసరి, ఇంగ్లండ్‌లో కాదు. కాబట్టి స్టిక్కర్ కనిపించని చోట ఫుడ్ స్టాండర్డ్స్ ఏజెన్సీ సైటులో చూసుకోవాలి. ఇక్కడ చెప్పినవాటితో సహా ఏ భోజనశాలకైనా వెళ్లేముందు అది చూడటం మంచి అలవాటు. వేరుశనగ, నువ్వులు, జీడిపప్పు పడనివారు గుజరాతీ భోజనంలో ప్రత్యేకంగా జాగ్రత్తపడాలి. 14 రకాల అలర్జీ పదార్థాల గురించి అడిగితే చెప్పడం అక్కడి చట్టం ప్రకారం వారి బాధ్యత. ఉల్లి, వెల్లుల్లి తిననివారు మొహమాటపడనవసరం లేదు, జైనులూ స్వామినారాయణ సంప్రదాయంవారూ ఎక్కువగా ఉన్న ఆ వీధిలో అది రోజూ వినే మాటే. బిల్లులో సర్వీస్ చార్జీ కనిపిస్తే, అది ఐచ్ఛికమని రాసి ఉన్నప్పుడు తీసేయమని అడగవచ్చు. 2024 అక్టోబరు నుంచి అమలులో ఉన్న చట్టం ప్రకారం టిప్పుల సొమ్మంతా పనివారికే చేరాలి కనుక, వడ్డన నచ్చితే ఇవ్వడానికి సందేహించనక్కరలేదు.

దీపావళి రోజుల్లో బెల్‌గ్రేవ్ రోడ్డులో జరిగే దీపాల వేడుక భారతదేశం వెలుపల జరిగే అతిపెద్ద దీపావళి ఉత్సవాలలో ఒకటిగా పేరు తెచ్చుకుంది. వేల సంఖ్యలో జనం వస్తారు, రోడ్డు మీద వాహనాలు ఆపేస్తారు, భోజనశాలల ముందు వరుసలు పేవ్‌మెంట్ మీదకు సాగుతాయి. వేడుక చూడాలంటే అప్పుడే వెళ్లాలి. నింపాదిగా కూర్చుని తినాలంటే మాత్రం ఆ వారం వదిలేసి, మామూలు పనిరోజున మధ్యాహ్నం 12 గంటలకల్లా చేరుకోవాలి. ఫర్సాన్ అప్పుడే తాజాగా బయటికి వస్తూ ఉంటుంది, మోగో వేయించడానికి వంటవారికి తీరిక కూడా ఉంటుంది.